పిన్ని బట్టల బీరువా

మా పిన్ని ఏ బట్టనైనా ముందు తిరగేసి చూసేది. రంగు, డిజైను, ఒంటికి నప్పుతుందా లేదా అన్నవన్నీ తర్వాతి సంగతి. లోపలి కుట్లు దగ్గరగా ఉన్నాయా, అంచుల్లో పోగులు లేస్తున్నాయా, మార్జిన్ ఎంత వదిలారు, జిప్పు పక్కన బట్ట ముడతపడుతోందా, గుండీ వెనక దారం గట్టిగా ముడేశారా, ఇవన్నీ చూసి పెదవి విరవడమో తలూపడమో చేసేది. ఆ పక్కనే నిలబడ్డ నాకు తెగ మొహమాటంగా ఉండేది. అమ్మేవాళ్ళు ఏమనుకుంటారోనని టెన్షన్. "వాళ్ళేమనుకుంటే మనకేంటే, వేసుకు తిరిగేది మనం కదా" అని కొట్టిపారేసేది.

పిన్నిది కుట్టుపని. ఆడవాళ్ళ బట్టలే ఎక్కువగా కుట్టేది, ఆల్టరేషన్లు ఇంకా ఎక్కువ. రోజంతా ఇతరుల బట్టలు విప్పి కుట్టే మనిషి కాబట్టి ఏ బట్ట ఎక్కడ ముందు ప్రాణం విడుస్తుందో ఆవిడకి తెలుసు. చంక కింద, తొడల మధ్య, కాలర్ మడతలో, జేబు మూలల్లో. తన బీరువా మాత్రం చాలా చిన్నది. చీరల సంగతి ఇక్కడ ఎత్తను, అది వేరే అర, వేరే కథ. పనిలోకి, ప్రయాణాలకి, నలుగురిలోకి వెళ్ళేటప్పుడు వేసుకునే చొక్కాలు, ప్యాంట్లు, ఒకటి రెండు డ్రెస్సులు, ఒక కోటు, కొన్ని అలంకారాలు. అంతే. అయినా "ఈ రోజు ఏం వేసుకోను?" అని ఆవిడ బీరువా ముందు నిలబడి నిట్టూర్చడం నేనెప్పుడూ చూడలేదు. నా బీరువా కిక్కిరిసి ఉండేది, నిట్టూర్పులు కూడా నావే.

ఉద్యోగంలో చేరబోతుంటే నాకు బట్టలు సమకూర్చే పని పిన్ని తన నెత్తిన వేసుకుంది. మొదట కొనిపించింది తెల్ల చొక్కా. "తెల్ల చొక్కానా? స్కూలు యూనిఫాంలా ఉండదూ?" అన్నాను. జవాబివ్వకుండా చొక్కా లోపలికి అరచెయ్యి పెట్టి వెలుతురుకేసి పట్టుకుంది. చెయ్యి స్పష్టంగా కనిపిస్తే ఆ చొక్కా పక్కకి. అలా ఎన్నో పక్కకి వెళ్ళాయి. బట్ట దొరికాక కుట్టు చూసింది. మంచి చొక్కాకి అంగుళానికి పద్దెనిమిది, ఇరవై దాకా కుట్లు పడతాయి, చవకరకానికి పది పన్నెండే. పక్క కుట్టు తిరగేస్తే పచ్చి అంచు కనబడకూడదు, రెండు మడతల్లోకి ముడుచుకుని ఉండాలి. కాలర్‌ని రెండు వేళ్ళ మధ్య పెట్టి నలిపేది. కాలర్ బిగువుగా నిలబడటానికి లోపల వేసే బక్రం బట్ట జిగురుతో సరిగ్గా అతక్కపోతే కొన్ని ఉతుకుల తర్వాత కాలర్ మీద బుడగలు లేస్తాయట. ఆ బుడగల్ని ఏ ఇస్త్రీ పెట్టే అణచలేదు.

తర్వాత ట్రయల్ రూంలోకి నన్ను తోసి, బయటినుంచే ఆర్డర్లు. చేతులు పైకెత్తు. ముందుకి వంగు. కూర్చో. భుజాలు ముందుకి తీసుకురా. నిలబడి అద్దంలో చూసుకుంటే ఏ చొక్కా అయినా బాగానే ఉంటుంది, కూర్చున్నప్పుడు ఛాతీ దగ్గర రెండు గుండీల మధ్య నోరు తెరుస్తుందా లేదా అన్నదే పరీక్ష. నాది తెరిచింది. "సైజు పెంచకు, భుజాలు జారిపోతాయి" అంది. ఇంటికి తెచ్చి ఆ రెండు గుండీల మధ్య లోపలివైపు చిన్న టిచ్ బటన్ కుట్టింది. బయటికి ఏమీ కనబడదు. ఇప్పటికీ నా ప్రతి చొక్కాకీ అక్కడ ఒక టిచ్ బటన్ ఉంటుంది.

తెల్ల చొక్కా కింద తెల్ల లోదుస్తులు వేసుకుంటే ఇంకా ఎక్కువ కనిపిస్తాయని, ఒంటి రంగులో కలిసిపోయేవి వేసుకోవాలని చెప్పింది కూడా ఆవిడే. ఈ మాట ఎవరో ఒకరు చెప్పేదాకా చాలామందికి తట్టదు. చంకల దగ్గర వచ్చే పసుపు మరకలకి బ్లీచ్ వెయ్యనిచ్చేది కాదు. ఆ మరక ఉత్త చెమటది కాదు. చెమట పట్టకుండా రాసుకునే వాటిలోని అల్యూమినియం లవణాలు చెమటతో కలిసి బట్టని పట్టుకుంటాయి, క్లోరిన్ బ్లీచ్ వేస్తే ఆ పసుపు ఇంకా ముదురుతుంది. పిన్నికి ఈ రసాయనశాస్త్రం తెలియదు, కానీ బ్లీచ్ వేసి పాడుచేసిన చొక్కాలు ఆవిడ దగ్గరికి చాలా వచ్చేవి. వేసుకున్న రోజే ఉతికెయ్యాలి, మరక ముదరనివ్వకూడదు. ఆవిడ మందు అదే.

పిన్ని దగ్గర నేర్చుకున్నవాటిలో నాకు అన్నిటికంటే ఎక్కువ పనికొచ్చింది ఒక్కటే. భుజం సరిపోతే మిగతాదంతా సరిచేసుకోవచ్చు. నడుము తగ్గించొచ్చు, చేతుల పొడవు కత్తిరించొచ్చు, అంచు మడవొచ్చు, లోపల మార్జిన్ ఉంటే కాస్త వదులూ చెయ్యొచ్చు. భుజం మాత్రం కదపకూడదు. కోటు భుజం విప్పితే చెయ్యి విప్పాలి, లైనింగ్ విప్పాలి, లోపలి మెత్త తియ్యాలి, కొత్త కోటు కుట్టినంత పని. అందుకే ఆవిడ బ్లేజర్ కొనేటప్పుడు గుండీలు పెట్టకుండానే ముందు భుజాలు చూసేది. కుట్టు సరిగ్గా భుజం ఎముక చివర కూర్చోవాలి. అక్కణ్ణించి కిందికి చెయ్యి గుంటలు పడకుండా జారాలి. అది కుదరకపోతే సగం ధరకి ఇచ్చినా కదిలేది కాదు.

ప్యాంట్ల విషయంలో నేను అదృష్టవంతురాలిని. నాకు ముందు తరాల ఆడవాళ్ళు ఎన్ని మాటలు పడితే ఇప్పుడు మనం నిశ్చింతగా ప్యాంటు తొడుక్కుంటున్నామో తర్వాత చదువుకున్నాను. పారిస్‌లో ఆడవాళ్ళు మగవాళ్ళలా బట్టలు వేసుకోవాలంటే పోలీసుల అనుమతి ఉండాలని 1800లో ఒక ఉత్తర్వు వచ్చింది. ఎవరూ పట్టించుకోని కాగితమైపోయినా, అది చెల్లదని అధికారికంగా ప్రకటించింది 2013లో! అదే పారిస్‌లో 1966లో డిజైనర్ ఇవ్ సాన్ లోరాన్ మగవాళ్ళ విందు సూటుని ఆడవాళ్ళ ఒంటికి తగ్గట్టు కత్తిరించి 'ల స్మోకింగ్' అని పేరు పెట్టాడు. కాయితం మీద నిషేధం ఇంకా బతికి ఉండగానే అన్నమాట.

నా మొదటి మంచి ప్యాంటు ముదురు నీలం. నల్లది కావాలని నేను మారాం చేస్తే పిన్ని రెండూ కిటికీ దగ్గరికి పట్టుకెళ్ళి చూపించింది. "నలుపు నాలుగు ఉతుకులకి ఒక్కో ప్యాంటు ఒక్కో రంగులోకి దిగుతుంది, పక్కపక్కన పెడితే బయటపడిపోతుంది. నీలం పెద్దమనిషి తరహా, వెలిసినా మర్యాదగా వెలుస్తుంది." ఆ నీలం తెలుపుతో, బూడిదరంగుతో, గోధుమరంగుతో, ఎరుపుతో, చివరికి డెనిమ్‌తో కూడా కలిసింది. పొడవు కొలిచేటప్పుడు ఏ చెప్పులతో వేసుకుంటానో అవే తొడుక్కు రమ్మంది. ఎత్తు మడమలకి కుట్టిన ప్యాంటు చదును చెప్పులతో వేసుకుంటే నేల ఊడుస్తుంది, చదును చెప్పులకి కుట్టింది ఎత్తు వాటితో వేసుకుంటే చీలమండలు బయటపడతాయి. కింద మడతలో రెండంగుళాల బట్ట వదిలి చేత్తో కుట్టింది, మిషన్ కుట్టు వెయ్యలేదు. చెప్పులు మారితే విప్పుకోవచ్చని.

ఇక నల్ల డ్రెస్సు. ఆడదాని బీరువాలో ఇది లేకపోతే కొంపలు మునుగుతాయన్నట్టు రాస్తారు. దాని కథ నిజంగా బాగుంటుంది. అంతకుముందు యూరప్ ఆడవాళ్ళకి నలుపంటే ఎక్కువగా ఇంట్లో ఎవరైనా పోతే తొడుక్కునే రంగు, లేదంటే దుకాణాల్లో, ఇళ్ళల్లో పనిచేసే అమ్మాయిల రంగు. 1926లో అమెరికా ఫ్యాషన్ పత్రిక వోగ్ ఫ్రెంచి డిజైనర్ గాబ్రియెల్ షనెల్ రూపొందించిన సాదా నల్ల డ్రెస్సు బొమ్మ వేసి, దాన్ని ఫోర్డ్ కారుతో పోల్చింది. అందరికీ అందుబాటులో ఉండే, అందరికీ ఒకటే రూపం ఉండే బండిలా ఇదీ అందరి డ్రెస్సూ అవుతుందని. అయ్యింది కూడా. అయినా నా మాట వినండి, మెడ దగ్గర నలుపు అందరి ముఖానికీ పడదు. పిన్నికి పడేది కాదు, రాత్రంతా నిద్రపోనట్టు కనిపించేది. అందుకే ఆవిడ అదే కత్తిరింపుని ముదురు ద్రాక్షరంగులో కుట్టుకుంది. మెడ గుండ్రం, చేతులు మోచేతి దాకా, పొడవు మోకాలి కిందికి, నడుం దగ్గర ఒంటికి పట్టేలా రెండు మడత కుట్లు, అదే డార్టులు. లేసు లేదు, మెరుపు లేదు. ఆఫీసు మీటింగుకి బ్లేజర్ కింద అదే, సాయంత్రం ముత్యాలతో అదే, ప్రయాణంలో చదును బూట్లతో, స్వెటర్ లాంటి కార్డిగన్‌తో అదే. ఒక డ్రెస్సు ఇన్ని చోట్లకి వెళ్ళగలిగేది దాని రంగు వల్ల కాదని, దానిమీద ఏమీ లేకపోవడం వల్లేనని అది చూశాకే నాకు అర్థమైంది.

జీన్స్‌ని పిన్ని మొదట్లో లెక్కలోకి తీసుకునేది కాదు. ఎవరిదో ఒకటి ఆల్టరేషన్‌కి వస్తే విప్పి చూసి మనసు మార్చుకుంది. తిరగేస్తే తెల్లగా ఉంటుంది కదా డెనిమ్, అది ఆవిడకి భలే నచ్చింది. పడుగు నీలి రంగు దారం, పేక తెల్ల దారం, ఏటవాలు నేత. ఆ నీలిమందు నూలు పోగు లోపలిదాకా ఇంకదు, పైపైనే పట్టుకుంటుంది. అందుకే రాపిడి తగిలిన చోటల్లా వెలిసి, మోకాళ్ళు, జేబులు, మడతలు మన ఒంటి గుర్తులు పట్టేస్తాయి. జేబు మూలల్లో ఉండే రాగి రివెట్లు కూడా సోకు కోసం పుట్టినవి కావు. పనివాళ్ళ ప్యాంట్లు జేబుల దగ్గర చిరిగిపోతున్నాయని జేకబ్ డేవిస్ అనే దర్జీ అక్కడ రివెట్లు కొట్టాడు. పేటెంటుకి డబ్బు చాలక తనకి బట్ట అమ్మే లీవై స్ట్రాస్‌ని కలుపుకున్నాడు. 1873 మే 20న పేటెంటు వచ్చింది. ఆడవాళ్ళ కోసం ఆ కంపెనీ ప్రత్యేకంగా జీన్స్ తెచ్చింది మాత్రం 1934లో. అరవై ఏళ్ళు పట్టింది మన నడుములు గుర్తురావడానికి! ఒక దర్జీ తెలివి ఇంత దూరం వచ్చిందని చెబితే పిన్ని ముఖం వెలిగిపోయింది.

అప్పణ్ణించి ఏ బట్ట ఎక్కడ పుట్టిందో వెతుక్కోవడం నాకో సరదా అయింది. చాలావరకు ఎవరో ఒకరి పనిబట్టలే. నీలం, తెలుపు చారల టీషర్టు ఫ్రెంచి నావికులది. 1858లో నౌకాదళం దాన్ని యూనిఫాంలో చేర్చి, ఇరవై ఒక్క తెల్ల చారలుండాలని, తెల్ల చార నీలం చారకి రెట్టింపు వెడల్పు ఉండాలని కొలతలతో సహా రాసిపెట్టింది. నాకు చారలంటే భయం ఉండేది, లావుగా కనిపిస్తానని. సన్నటి నీలం చార, వెడల్పు తెల్ల చార అయితే ఆ భయం అక్కర్లేదు. పిన్ని మాత్రం చారలు పక్క కుట్టు దగ్గర కలిశాయా లేదా అన్నదే చూసేది. కలవకపోతే ఆ కుట్టినవాళ్ళకి ఓపిక లేదని అర్థం, ఓపిక లేనివాళ్ళు మిగతాచోట్ల కూడా అలాగే కుట్టి ఉంటారు.

వానకోటు కథ ఇంకాస్త పెద్దది. ట్రెంచ్ కోటు. నడుముకి బెల్టు, ముందు రెండు వరసల గుండీలు, భుజాల మీద పట్టీలు. థామస్ బర్బెరీ 1879లో గాబర్డీన్ బట్ట తయారుచేశాడు. అంతకుముందు వానకోట్లంటే రబ్బరు పూసిన బరువైన బట్టలు, లోపల ఉక్కిరిబిక్కిరి. ఈయన నేసిన బట్టకి పూత పుయ్యకుండా నేతకి ముందే నూలుకి నీళ్ళు అంటని గుణం పట్టించి, చిక్కగా ఏటవాలుగా నేయించాడు. వాన జారిపోతుంది, గాలి మాత్రం ఆడుతుంది. మొదటి ప్రపంచయుద్ధంలో కందకాల్లో బ్రిటిష్ సైనికాధికారులు వేసుకోవడంతో దాని పేరు స్థిరపడింది. భుజాల పట్టీలు హోదా గుర్తుల కోసం, ఛాతీ దగ్గర అదనపు బట్ట వాన నీళ్ళు లోపలికి దిగకుండా, వెనక కేప్‌లాంటి మడత వీపు మీద పడ్డ నీళ్ళు కిందికి జారిపోవడానికి. ఒక్కటి కూడా ఊరికే పెట్టింది కాదు.

పిన్నికి అలాంటి కోటు ఒకటి ఎవరో ఇచ్చారు, చాలా పెద్దది, మగవాళ్ళది. మామూలుగా భుజం జోలికి వెళ్ళని మనిషి దాన్ని మాత్రం మొత్తం విప్పింది. బెంచీ మీద ముక్కలు ముక్కలుగా పరిచి, ప్రతి ముక్కకీ సుద్దతో నంబరు వేసి, వారాల తరబడి సాయంత్రాలు దానిమీదే కూర్చుని తన ఒంటికి కుట్టుకుంది. గుండీలు మగవాళ్ళవైపే ఉండిపోయాయి, కుడివైపు. ఎవరైనా ఎత్తిచూపితే "వానకి తెలుస్తుందా ఏం?" అనేది. నాకు తెలిసి ఆవిడ తన కోసం అంత కష్టపడి కుట్టుకున్నది అదొక్కటే. ఆ కోటు అడగాలని చాలాసార్లు అనుకున్నాను, నోరు రాలేదు.

చుట్టుకుని ముడేసుకునే డ్రెస్సు, అదే ర్యాప్ డ్రెస్, నా పాతికేళ్ళ వయసులో నాకు రెక్కలిచ్చింది. 1974లో డిజైనర్ డయాన్ వాన్ ఫర్‌స్టెన్‌బర్గ్ తెచ్చిన డ్రెస్సు అది. జెర్సీ అనే సాగే అల్లిక బట్ట, జిప్పు లేదు, గుండీలు లేవు. ఒళ్ళు కాస్త పెరిగినా తగ్గినా ముడి సర్దుకుంటుంది, కాన్పు తర్వాత నెలల్లో నన్ను ఆదుకున్నది అదే. గాలి వీస్తే మాత్రం జాగ్రత్త. లోపలికి వెళ్ళే అంచుకి కూడా ఒక టిచ్ బటన్ ఉండాలి.

కార్డిగన్ల గురించి ఒక్క ముక్క. హ్యాంగర్‌కి తగిలించకండి, అల్లిక బట్ట తన బరువుకి తానే సాగి భుజాల దగ్గర కొమ్ములు మొలుస్తాయి. మడిచి పెట్టండి. ఉతికాకే దాచండి. ఉన్నిని తినేది ఎగిరే చిమ్మట కాదు, దాని పిల్లపురుగు. చెమట, తిండి మరకలున్న బట్టంటే దానికి మరీ ఇష్టం.

అలంకారాల దగ్గరికొస్తే పిన్ని పిసినారి. ఒక వాచీ, ఒక ముత్యాల దండ, ఒక సిల్కు స్కార్ఫు, ఒక బెల్టు, ఒక బ్యాగు. బెల్టు గురించి చెప్పడానికేమీ లేదు, బూట్ల రంగుకి దగ్గరగా ఉంటే చాలు. వాచీ మాత్రం నాకు ఆసక్తికరంగా ఉంటుంది. ఒకప్పుడు మణికట్టుకి గడియారం ఆడవాళ్ళ సోకు కింద లెక్క, మగవాళ్ళవి జేబు గడియారాలు. మొదటి ప్రపంచయుద్ధంలో చేతులు ఖాళీ లేక సైనికులు మణికట్టుకి కట్టుకున్నాకే అది మగతనానికి కూడా నప్పింది. నగల కంపెనీ కార్టియే 'టాంక్' వాచీ 1917లో గీసింది ఆ యుద్ధపు ట్యాంకుల ఆకారం చూసే. ఆడవాళ్ళు మగవాళ్ళ బట్టలు తీసుకున్న కథలే ఎక్కువ వింటాం, వాళ్ళు మన వస్తువు పట్టుకెళ్ళింది ఇదొకటి.

ముత్యాలు పిన్నికి ప్రాణం. ఒకప్పుడు రాజులకి, కోటీశ్వరులకి తప్ప అందనివి మామూలు మెడల్లోకి రావడానికి దారి తెరిచినవాళ్ళలో జపాన్‌లోని మికిమోటో కొకిచి ఒకరు. 1893లో ఆల్చిప్పలో తాను పెంచిన అర్ధగోళాకారపు ముత్యాలు ఆయన చేతికొచ్చాయి. ముత్యం పైపొర ఎక్కువభాగం కాల్షియం కార్బనేట్, అంటే సుద్దముక్క జాతే. అందుకే సెంటు, చెమట, నిమ్మరసం లాంటి పులుపు తగిలితే కాంతి పోతుంది. అన్నీ వేసుకున్నాక చివర ముత్యాలు, ఇంటికి రాగానే మొదట తియ్యాల్సింది కూడా ముత్యాలే, మెత్తటి బట్టతో తుడిచి విడిగా పెట్టాలి. దండలో ఒక్కో ముత్యానికీ మధ్య చిన్న ముడి ఉందో లేదో చూసుకోవాలి. ముడి ఉంటే దారం తెగినా ఒకటే రాలుతుంది, ఒకదానితో ఒకటి రాసుకోవు కూడా. పిన్ని తన దండని తనే విప్పి మళ్ళీ పట్టుదారంతో గుచ్చుకునేది. ముడి ముడికీ సూది మొనతో దగ్గరకి తోస్తూ, మాట్లాడితే కసిరేది.

స్కార్ఫు విషయంలో నేను ఆవిడని మించిపోయాను. చతురస్రపు సిల్కు స్కార్ఫుల్లో పేరుమోసింది 1937లో ఎర్మెస్ మొదలుపెట్టిన తొంభై సెంటీమీటర్ల 'కారే'. దాని అంచు చేత్తో చుట్టి కుడతారు, అది పిన్నికి ఫొటోలో చూపిస్తే కళ్ళజోడు పైకి తోసుకుని చాలాసేపు చూసింది. మనకి ఆ కంపెనీదే అక్కర్లేదు, ఆ కొలత ఉంటే చాలు. తొంభై సెంటీమీటర్లుంటేనే మెడకి, తలకి, బ్యాగు పిడికి, నడుముకి సరిపోతుంది. చిన్నది కొంటే జేబురుమాలుకి ఎక్కువ, స్కార్ఫుకి తక్కువ. తెల్ల చొక్కా, నీలం ప్యాంటు వారంలో మళ్ళీ మళ్ళీ వేసుకున్నా స్కార్ఫు మారిస్తే జనం కొత్త డ్రెస్సా అనేవాళ్ళు. నేను ఊఁ కొట్టేదాన్ని.

బ్యాగుల దగ్గర నాకు కోపం వస్తుంది, ఎందుకంటే అసలు గొడవ జేబులది. పదిహేడు, పద్దెనిమిది శతాబ్దాల్లో యూరప్ ఆడవాళ్ళు లంగా కింద నడుముకి పెద్ద జేబుసంచులు కట్టుకునేవాళ్ళు, లంగా చీలికలోంచి చెయ్యి పెట్టి డబ్బు, తాళాలు, సూదులు తీసుకునేవాళ్ళు. పద్దెనిమిదో శతాబ్దం చివర డ్రెస్సులు సన్నబడ్డాక ఆ జేబులకి చోటు లేకుండా పోయింది, చేతికి చిన్న సంచి వచ్చింది. అప్పణ్ణించి ఒక చెయ్యి దానికే. షనెల్ 1955 ఫిబ్రవరిలో గొలుసు తగిలించిన బ్యాగు తెచ్చి (ఆ నెల, ఆ ఏడే దాని పేరు, 2.55) చేతుల్ని విడిపించింది. సంతోషమే. కానీ జేబులు ఏవి? ఇప్పటికీ చాలా ఆడవాళ్ళ బ్లేజర్లకి జేబు మూతలు మాత్రం కుట్టి లోపల సంచి పెట్టరు. పిన్ని నా ప్రతి స్కర్టుకీ, డ్రెస్సుకీ పక్క కుట్టు విప్పి జేబు పెట్టేది. గట్టి కాటన్ బట్టతో, అరచెయ్యి మొత్తం పట్టేంత లోతుగా. జేబున్న డ్రెస్సు వేసుకున్న ఆడమనిషి నిలబడే తీరే వేరు.

చెప్పులు, బూట్ల మీద ఆవిడకి పెద్ద పట్టింపు లేదు, చదునుగా, అరికాలికి మెత్తగా ఉండాలంతే. నాట్యం చేసేవాళ్ళ మెత్తటి బూట్లకి వీధిలో తిరిగే అడుగు వేయించి రెండో ప్రపంచయుద్ధం రోజుల్లో డిజైనర్ క్లేర్ మెకార్డెల్ అమెరికాలో ఫ్యాషన్ చేసింది. బాలే ఫ్లాట్లు వీధిలోకి అలా వచ్చాయి. పిన్ని అవే వేసేది. వరసగా రెండు రోజులు ఒకటే జత వెయ్యకుండా, మధ్యలో ఒక రోజు తోలు ఆరనిచ్చేది.

లండన్‌లో దుకాణం నడిపిన సూజీ ఫో అనే ఆవిడ 1970లలో ఇలాంటి చిన్న బీరువాకి 'క్యాప్సూల్ వార్డ్‌రోబ్' అన్న మాటని ప్రచారంలోకి తెచ్చిందని, డిజైనర్ డోనా కారన్ 1985లో ఏడే ఏడు వస్తువులతో మొత్తం వారం నడిపించే బట్టల వరస తెచ్చిందని నాకు తర్వాతెప్పుడో తెలిసింది. పిన్నికి చెబితే "ఏడెందుకు, ఉతకడానికి బద్ధకమా?" అంది. ఆ జాబితాల్ని చూసి కొనుక్కునేవాళ్ళని చూస్తే నాకు జాలి. ట్రెంచ్ కోటు రాసి ఉందని వాన పడని చోట కోటు కొంటారు. మన వారం ఎలా గడుస్తుందో చూసుకుని కొనాలి. బల్ల ముందు కూర్చునే గంటలెన్ని, నడిచేది ఎంత, పిల్లల్ని ఎత్తుకునేది ఎంత, పైవాళ్ళని కలిసేది ఎప్పుడు. పిన్ని లెక్క ఇంకా తేలిక. కొత్తది ఇంట్లో ఉన్న మూడింటితో కలవాలి, కలవకపోతే దాని కోసం ఇంకో మూడు కొనాల్సొస్తుంది.

ఇప్పుడు పిన్నికి చూపు తగ్గింది, సూదిలో దారం ఎక్కించడానికి పక్కన ఒకరుండాలి. మొన్న మా అమ్మాయి ఇంటర్వ్యూకని నా బీరువా తెరిచి తెల్ల చొక్కాలన్నీ మంచం మీద పడేసింది. ఒకటి తొడుక్కుని, అద్దం వైపు వెళ్ళకుండా తిన్నగా కుర్చీలో కూర్చుని, చేతులు పైకెత్తింది. నేనెప్పుడూ చెప్పలేదు, అమ్మమ్మ, అంటే మా పిన్నే, చెప్పిందట ఫోన్‌లో. భుజాలు సరిపోయాయి. నీలం ప్యాంటు మాత్రం పొట్టయింది, నాకంటే ఎదిగింది కదా. కింద మడతలో ఇంకా బట్ట ఉంది, విప్పుతున్నాను.